సుత్తి విసిరిన తర్వాత

వడ్రంగి విసిరిన సుత్తి అతని బావమరిది చెవి పక్కనుంచి దూసుకెళ్లి గోడకు తగిలింది. పెళ్లలూడి భుజం మీద పడ్డాయి. పదేళ్లుగా పక్కనే పనిచేస్తున్న మనిషి. చేసిన తప్పల్లా బీరువా తలుపుకు చెక్క అంగుళం పొట్టిగా కోయడం. అతను భుజం దులుపుకొని, నేరుగా అక్క దగ్గరికి వెళ్లాడు.

వడ్రంగి భోజనానికి వచ్చేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది.

"కోపం ఆపుకోలేకపోయానే."

"పొద్దున మేస్త్రీ నలుగురిలో మిమ్మల్ని చేతకానివాడన్నాడటగా. అప్పుడెలా ఆపుకున్నారు?"

"ఆయన పనిచ్చేవాడు."

"అయితే మా తమ్ముడు సుత్తి దెబ్బలు తినేవాడా?"

అతని చెవులు వేడెక్కాయి. "నోరు ముయ్యి. నోరు ముయ్యమన్నానా!"

"అదిగో, ఒకే మాట రెండుసార్లు. తర్వాత ఏదో ఒకటి విసురుతారు. పద్నాలుగేళ్లుగా చూస్తున్నా."

చేతిలో నీళ్ల చెంబు ఉంది. ఎప్పుడు అందుకున్నాడో అతనికే తెలియదు. దాన్ని కింద పెట్టి, అన్నం ముట్టకుండా వీధిలో పడ్డాడు. మేస్త్రీ ముందు తాను ఇకిలించిన ఇకిలింపే పొద్దుటి నుంచీ లోపల ఉడుకుతోందని నడుస్తుంటే అర్థమైంది. అంగుళం చెక్క ఒక వంక మాత్రమే. తన గుట్టు అంత తేలిగ్గా పట్టేసినందుకు భార్య మీద మాత్రం ఒళ్లు మండింది.

నాలుగో రోజు మేస్త్రీ మళ్లీ వచ్చాడు. బిగించిన తలుపును కాలితో తన్ని, "ఇదేం పనయ్యా? పశువులు నయం!" అన్నాడు.

"సరిచేస్తాను. సరిచేస్తానన్నానుగా!"

తన మాట తన చెవిన పడింది. పిడికిట్లో బిగుసుకున్న ఉలిని బల్ల మీద పెట్టేశాడు.

"తప్పుంటే చూపించండి. తిట్లు మాత్రం పడను."

"ఊళ్లో నువ్వొక్కడివేనా వడ్రంగివి?" అంటూ మేస్త్రీ విసవిసా వెళ్లిపోయాడు.

వడ్రంగి బయటి కుళాయి కింద తల పెట్టి, ఊపిరి కుదుటపడేదాకా కదల్లేదు. తడి తలతోనే వచ్చి బావమరిది ముందు నిలబడ్డాడు.

"ఆ రోజు తప్పు నాదేరా."

"ఇవాళ ఆగావు, సరే. రేపు?"

"ఏమో. చెప్పలేను."

"చెప్పలేనన్నాళ్లూ నీ ముందు వీపు తిప్పి కూర్చోను బావా."

అతను తన బల్లను బరబరా ఈడ్చి, వడ్రంగికి ఎదురుగా వేసుకున్నాడు. బావ చేతుల మీంచి చూపు తిప్పకుండా రంపం అందుకున్నాడు.