వాము కట్టిన కాగితం

ఆరిన బట్టలు తీస్తుంటే తోచింది, కింది వాటాలో దగ్గు వినిపించడం లేదని. మూడు రోజులుగా యాదమ్మ కూతురు రచన దగ్గుతూనే ఉంది. తొలి కాన్పుకు తాండూరు వచ్చింది. బాబు పుట్టి పద్దెనిమిది రోజులు. వాడి ఏడుపూ లేదు. మడత రెండుసార్లు తప్పింది. బట్టలు అక్కడే వదిలి కిందికి దిగాను.

"పొద్దటిసంది బాబు మస్తు పండుకుంటుండు వదినె," అంది యాదమ్మ. "నీ మందు పుణ్యమే. నాకిచ్చినవు గద, మిగిలింది రచనకు పోసిన."

పోయిన నెల యాదమ్మ దగ్గుతుంటే, మా ఆయనకు డాక్టరు రాసిన దగ్గు మందు సీసాలో మిగిలినది ఇచ్చాను. పెట్టెతో సహా ఇచ్చాను. లోపలి కాగితం మాత్రం చదవలేదు.

"దాని కాయితం ఏది?"

"గట్టిగున్నదని దాంట్ల వాము కట్టిన."

రచన దిండు కింది నుంచి పొట్లం తీసి, వాము గిన్నెలో పోసి కాగితం ఇచ్చింది. చీమ తలకాయలంత ఇంగ్లీషు అక్షరాలు. వెతికితే కావలసిన వరుస దొరికింది.

"పాలిచ్చేవాళ్ళు తాగొద్దట. పాలల్లకెళ్ళి బిడ్డకు పోతదట. మగత వస్తది, ఊపిరి తగ్గుతది. బాబు పాలెప్పుడు తాగిండు?"

"ఏడింటికి, ఆంటీ. మళ్ళ పెడితే నోరు తెరుస్తలేడు."

అప్పటికి రెండయింది. వాడి అరికాలి మీద వేలితో కొట్టాను. కాలు నెమ్మదిగా ముడుచుకున్నాడు, కళ్ళు తెరవలేదు.

"దవాఖానకు పోదాం."

"ఇరవై ఒకటి నిండలే, బాలింత గడప దాటుతదా?" అంది యాదమ్మ. "పండుకున్న పోరన్ని లేపుతరా ఎవరన్న? గంత చదువుకున్నదానివి, ఇచ్చేటప్పుడే చదవకపోతివి."

"నిజమే, తప్పు నాదే. ఇప్పుడు చదివిన. ఆటో పిలుస్తున్న."

రచన అప్పటికే తలకు స్కార్ఫు కట్టుకుంది. "నేను పోతున్న అమ్మ. నువ్వొస్తవా, రావా?"

యాదమ్మ బాబును బొంతలో చుట్టి మాకంటే ముందే ఆటో ఎక్కింది.

పిల్లల డాక్టరు కాగితం చూసి, "ఎన్ని మూతలు పోసిండ్రు?" అని అడిగారు. నిన్నటి నుంచి నాలుగు. ఆ సీసా ఇక ముట్టొద్దని, తాను చెప్పేదాకా తల్లిపాలు పట్టొద్దని, బాబును అక్కడే ఉంచాలని అన్నారు. నర్సు గడియారం చూస్తూ వాడి ఊపిరి లెక్కపెట్టింది. ఆమె ఆపాక కూడా నేను లెక్కపెడుతూనే ఉన్నాను. లోపల ముగ్గురుండొద్దంటే బెంచీ మీద కూర్చున్నాను. లేచాను. మళ్ళీ కూర్చున్నాను.

పొద్దుగూకే వేళకు వాడు ఏడ్చాడు. తలుపు సందులోంచి చూశాను. నర్సు చెంచాతో డబ్బాపాలు పడుతోంది, వాడు గుటకలు వేస్తున్నాడు. రచన గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది.

యాదమ్మ బయటికొచ్చి నా పక్కన కూర్చుంది. డాక్టరు చూసిన ఆ కాగితం నా ఒళ్ళో పెట్టింది.

"నాకిచ్చిననాడు నేను బీపీ గోలీలు మింగుతున్న. నువ్వడగలే, నేను చెప్పలే. గా సంగతి గూడ చూడు."

కాగితం మోకాలి మీద చదును చేశాను. మడతల్లో ఇంకా వాము ఉంది. దులిపి, ఈసారి మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టాను.