పెట్టెలో పట్టని జపాన్ వీరుడు

నసీరుద్దీన్ ఫోన్లో అన్నది “కవచం”. గోడ అవతలున్న చెన్నయ్యకు వినిపించింది “శవం”. తప్పు చెన్నయ్యది కాదు. సరిగ్గా ఆ క్షణంలో శంషాబాద్ మీదుగా దిగుతున్న విమానం ముందున్న ‘క’ను మింగేసింది. మిగిలిన ‘వచం’ చెన్నయ్య చెవిలో దూరే తొందరలో తలకిందులై ‘చవం’ అయింది. ‘చ’కూ ‘శ’కూ మధ్య ఉండాల్సిన దూరాన్ని మా వీధి ఎప్పుడో చెరిపేసింది.

“జపాన్ నుంచి వచ్చింది ఉబేద్, కార్గోల ఉంది. నీ బండేస్కొని పోయి జర పైలంగ తీస్కరా,” అన్న మిగతా మాటలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా వినిపించాయి. కొంప ముంచింది అదే.

చెన్నయ్య అల్లుతున్న నులక మంచాన్ని సగంలో వదిలేసి ఇంట్లోకి పరిగెత్తాడు.

“ఏమేవ్, నసీర్ భాయోళ్లకు జపాన్ నుంచి శవం వచ్చిందంట!”

“అయ్యో! జపాన్ల గాళ్లకు ఎవరున్నరయ్యా?” అంది భార్య రాములమ్మ.

“ఎవరో ఒకరు ఉండే ఉంటరు. లేకుంటే శవమెందుకొస్తది?”

తిరుగులేని తర్కం. దుబాయి నుంచీ మస్కట్ నుంచీ అలాంటి పెట్టెలు దిగడం చూసిన ఊరు కనుక రెండోసారి అడిగే అలవాటు ఎవరికీ లేదు. రాములమ్మ కందుకూరులో ఉన్న అక్కకు ఫోన్ చేసింది, వీధిలో ఆడవాళ్లకు నోటితోనే చేసింది. ఉబేద్ ట్రాలీ ఆటో వచ్చి ఆగేసరికి నసీరుద్దీన్ దుకాణం ముందు పదిహేనుమంది మొహాలు వేలాడేసుకుని నిలబడ్డారు.

బండిలోంచి దిగిన పెట్టె మోకాలెత్తు కూడా లేదు.

“గింత పెట్టెల మనిషెట్ల పట్టిండే?” అన్నాడు చెన్నయ్య గుసగుసగా.

“మడిచిపెట్టిన్రేమో. జపానోళ్లు కాయితాన్నే కొంగలెక్క మడుస్తరంట,” అంది రాములమ్మ.

నసీరుద్దీన్‌కు ఈ గుంపు ఎందుకొచ్చిందో అంతుపట్టలేదు. కొత్త వస్తువు చూడ్డానికేమో అనుకుని సంతోషంగా మూత తీశాడు. లోపల అన్నిటికంటే పైన ఒక మొహం. నల్లటి మొహం, తెరిచిన నోరు, పళ్లు, పళ్లపైన గుబురు మీసాలు.

“ఓ నా అయ్యా!” రాములమ్మ గుండెలు బాదుకుంది. “ఏ తల్లి కన్న బిడ్డవో! మీసాలు గూడ చెదర్లేదు గదయ్యా!”

నసీరుద్దీన్ ఆ మొహాన్ని రెండు చేతులా పట్టుకుని పైకెత్తాడు. మెడ రాలేదు, మొహం ఒక్కటే వచ్చింది. ముందు వరుస మొత్తం వెనక వరుస కాళ్ల మీద పడింది.

“అరె, ఏమైందమ్మా మీకు? ఇది ఇనుప మాస్కు! కింద ఉన్నది కవచం! కవచం! జపాన్ సిపాయిలు లడాయిల తొడుక్కునే ఇనుప అంగీ!”

సంగతి విని నసీరుద్దీన్ భార్య ఫహ్మీదా లోపల్నుంచి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. రాములమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, “మరి నేనేడ్చిన ఏడ్పంత ఎవరి ఖాతల పడ్డట్టు భాయ్?” అని నిలదీసింది.

“ఉండనీ అక్కా. శుక్రారం దాంక ఈ పని కాకపోతే నాకే పనికొస్తది,” అన్నాడు నసీరుద్దీన్. ఆ మాట అన్నప్పుడు అతను నవ్వలేదు.

ఎందుకంటే, నసీరుద్దీన్ తాత కత్తులకు పదును పెట్టాడు, తండ్రి కత్తిపీటలకు పెట్టాడు, ఇతని దగ్గరికి వచ్చేసరికి కత్తెరలూ మిక్సీ బ్లేడ్లూ మిగిలాయి. ఆ మధ్య ఒకాయన గోళ్ల కట్టర్ పట్టుకొచ్చాడు. మేనల్లుడు ఉబేద్ ఏడాదిగా ఒకటే పాట: “మామూ, షట్టర్ నాకియ్యి, మండీ హోటల్ పెడదాం. ఎయిర్‌పోర్టు గిరాకీ మస్తుంటది.” అతను ‘మండీ’ అన్నప్పుడల్లా మామకు మండేది. కానీ మంట మీద షట్టర్ నిలబడదు కదా. “ఈ నెలాఖరు దాంక సూద్దాం,” అని మాటిచ్చేశాడు.

ఆ మాటిచ్చిన కొద్దిరోజులకే అత్తాపూర్ నుంచి ప్రేమలత గారు వచ్చారు. ఆవిడ పాతకాలపు జపాన్ కత్తులు, కవచాలు, వత్తి తుపాకులు లైసెన్సులన్నీ పెట్టుకుని కొని, బాగు చేయించి, అమ్ముతారు. ఎవరి ద్వారానో తెలిసి, పరీక్షగా ఒక జపాన్ కత్తి తెచ్చి నసీరుద్దీన్ ముందు పెట్టి, పిడి విప్పి, “లోపల ఇంత తుప్పుంది, కాస్త గీకేస్తారా అండీ?” అని అడిగారు.

“గీకితే కత్తి కాదు మేడమ్, నా చెయ్యి నరకాలె,” అన్నాడు నసీరుద్దీన్. “పిడిలోపటి తుప్పే దాని ఉమర్. అది పోతే ఇది నిన్న చేసింది అంటరు.”

ఆ జవాబు కోసమే ఆవిడ వచ్చారు. ఇంతకాలం మరమ్మతుకు వస్తువులు సముద్రాలు దాటించేవారట. “ఒక కవచం రప్పిస్తున్నాను. తాళ్లన్నీ కుళ్లిపోయాయి. సోమవారం మీకు చేరుతుంది, శుక్రవారం నాలుగింటికి నేనొస్తాను. ఆ సాయంత్రమే ఢిల్లీ ప్రదర్శనకు అదే పెట్టెలో వెళ్లాలి. ఇది కుదిరితే ఇకపై నా పనంతా మీదేనండీ.”

కుదరకపోతే మండీ. ఆవిడ అనలేదు, ఉబేద్ అన్నాడు.

కవచం అంటే ఒకే ఇనుప రేకు కాదు. నల్ల లక్క పూసిన సన్నటి పట్టీలను వరుసగా పేర్చి, పట్టుతాడుతో ఒకదానికొకటి కడతారు. నడుముకింద వేలాడే ముక్కలు ఏడు, భుజాలవి రెండు. నసీరుద్దీన్ రెండు రోజుల్లో వంకర్లు తీశాడు, లక్క పూశాడు. తాడు దూరే బొర్రలన్నీ లెక్కపెట్టి, అది ఎటునుంచి ఎటు పోవాలో నోటుబుక్కులో గీసుకున్నాడు. ఇనుము అతని మాట వింటుంది. ప్రేమలత గారు పంపిన నీలం పట్టుతాడు మాత్రం అతని వేళ్లలో పాములా జారిపోయింది.

గోడ మీంచి చెన్నయ్య తల లేచింది. “తాడు గట్టుడేనా భాయ్? గగన్‌పహాడ్ దాంక అడుగు, చెన్నయ్య కట్టిన మంచం ఎట్లుంటదో.”

చెన్నయ్య మంచం నిజంగానే మంచిది. దాని మీద పడుకున్నవాడి నడుము విరుగుతుంది గానీ మంచం దిగబడదు. బుధ, గురువారాలు రెండూ అతను కవచం ముందు కూర్చుని, కాలి బొటనవేలితో పట్టీని తన్నిపట్టి, తాడు లాగి, మెలేసి, మళ్లీ లాగి కట్టాడు. వరుస పూర్తయినప్పుడల్లా తాడును మీటేవాడు. ‘టంగ్’ మంటే ముందుకు, ‘టుంగ్’ మంటే మళ్లీ మొదటికి.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి పని ముగిసింది. కవచాన్ని నేల మీద నిలబెట్టి అందరూ చప్పట్లు కొట్టారు. దానికి స్టాండ్ అక్కర్లేకపోయింది. లోపల మనిషి లేకుండానే ఛాతీ విరుచుకుని నిలబడింది.

“ఇగ పెట్టెల పెట్టుండ్రి,” అన్నాడు నసీరుద్దీన్.

పెట్టెలో పెట్టారు. అది సగం లోపలికి పోయి, మిగతా సగం స్నానానికి గంగాళంలో దిగినవాడిలా పైకే ఉంది. తిప్పి పెట్టారు. కింద ముక్కలు గాలికి తిరగబడ్డ గొడుగులా నిక్కబొడుచుకున్నాయి. చెన్నయ్య మూత మీద ఎక్కి కూచున్నాడు. మూత చెన్నయ్యను పక్కకు పడేసింది.

“వచ్చినప్పుడు ఈ పెట్టెలనే పట్టింది గదా?” అన్నాడు చెన్నయ్య నేల మీంచి.

“వచ్చినప్పుడు తాళ్లు కుళ్లిపోయి ముక్కలు ముక్కలుగ ఉండె అన్నా,” అన్నాడు నసీరుద్దీన్. అతని మొహంలో రక్తం లేదు. ఉబేద్ షట్టర్ వెడల్పును మూరలతో కొలవడం మొదలుపెట్టాడు.

చాయ్ తెచ్చిన ఫహ్మీదా కప్పులు దించి, మూలనున్న నీలం ఉండను చేతిలోకి తీసుకుంది.

“ఇదేంది, ఇంత తాడు మిగిలింది?”

“నేను కడితే మిగుల్తది భాబీ,” అన్నాడు చెన్నయ్య గర్వంగా. “నా చేతిల బర్కత్ ఉంది.”

“ఆ మేడమ్ ఒక్కొక్క ముక్కకు కొలిచి పంపింది అన్నరు గదా?” అంది ఫహ్మీదా భర్త వైపు తిరిగి. “జానెడు ఎక్కువ పంపిందంటే సరే. ఇంత పెద్ద ఉండ మిగిలిందంటే, ఈ తాడు ఆ కవచంల ఎక్కడనో ఉండాలె.”

ఫహ్మీదా గుమ్మానికి వేలాడుతున్న వెదురు పుల్లల పరదా దగ్గరికి వెళ్లి, కింద అంచు పట్టుకుని పైకి లేపింది. పుల్లలన్నీ ఒకదాని మీదొకటి చేరి బెత్తెడు మందాన మడతపడ్డాయి. వదిలేసింది. మళ్లీ నేల దాకా జారాయి.

“మా అమ్మోళ్లు పాతబస్తీల చిల్మన్లు కట్టెటోళ్లు. గట్టిగ కడితే చిల్మన్ లేవదు. పుల్లకూ పుల్లకూ నడుమ జర ఊపిరి ఇడ్వాలె. అన్న మంచం కట్టిండు. ఇది చిల్మన్.”

ఆ పరదాకు ఉర్దూలో ఇంకో పేరు చిక్. మనవాళ్ల చిక్కును విప్పింది ఆ చిక్కే.

“అంటే వదులు గట్టాల్నా? నేనా?” చెన్నయ్య నిలువునా నీరైపోయాడు. “నలభై ఏండ్ల సంది వదులు గట్టినోళ్లను తిట్టినోన్ని భాబీ!” అయినా కూర్చుని ప్రయత్నించాడు. నాలుగు బొర్రలు వదులుగా కట్టాడు, అయిదోదానికి చెయ్యి తనంతట తనే లాగేసింది. ‘టంగ్’ మంది.

“నువ్ కట్టకు. విప్పు,” అంది రాములమ్మ. “నీ ముడి నీకు తప్ప ఎవరికొస్తది? తాడు తెగితే మాత్రం నీ పని చెప్త.” అలా అని వీధిలోకి నడిచింది. “సోమారం నాడు ఏడ్వనీకి వచ్చిన్రు గదా, ఇయ్యాల కట్టనీకి రారా?” అన్న ఆవిడ గొంతు ఇవతలి కొసనుంచి అవతలి కొస దాకా వినిపించింది.

తొమ్మిది ముక్కలకు తొమ్మిదిమంది కూర్చున్నారు. వాళ్లలో ఆ పొద్దున్నే కందుకూరు బస్సు దిగిన రాములమ్మ అక్క భాగ్యమ్మ కూడా ఉంది. ఊపిరి ఎంత వదలాలన్న దగ్గర గొడవొచ్చింది. వేలెడు అంటే ఎవరి వేలెడు? రాములమ్మ వేలికీ ఆవిడ కోడలి వేలికీ మధ్య ఇంకో వేలు పడుతుంది. ఫహ్మీదా గుమ్మానికున్న చిల్మన్‌లోంచి తొమ్మిది పుల్లలు పీకి తలా ఒకటి ఇచ్చింది. “పుల్ల నడుమ పెట్టి కట్టుండ్రి. కట్టినంక పుల్ల గుంజుండ్రి. అంతే సందు.”

చెన్నయ్య విప్పుతుంటే వాళ్లు కట్టారు. నసీరుద్దీన్ నోటుబుక్కు పట్టుకుని తొమ్మిదిమంది మధ్యా తిరిగాడు. జుమ్మా నమాజుకు వెళ్లి వచ్చాడు, మళ్లీ తిరిగాడు. మూడున్నరకు భాగ్యమ్మ తన ముక్క ముగించి, “ఇప్పుడే వస్త,” అని బజారుకు వెళ్లింది. నాలుగింటికి ప్రేమలత గారి కారు ఆగినప్పుడు ఆఖరి భుజం ముక్క మీద ఒక్క వరుస మిగిలుంది.

“ఇదేంటండీ నసీరుద్దీన్ గారూ, ఇంతమంది?” అన్నారావిడ గుమ్మంలో ఆగి.

“స్టాఫ్ మేడమ్!” అన్నాడు ఉబేద్. షట్టర్ కొలిచిన మనిషే. మామ మొహం పొద్దుట్నుంచీ చూసి చూసి పార్టీ మార్చేశాడు.

ప్రేమలత గారు కింద కూర్చుని, పూర్తయిన ముక్కల్లోంచి ఒకటి పైకెత్తి వదిలారు. పట్టీలన్నీ గలగలమని ఒకదాని మీదొకటి వాలి, అరచేతిలో ఇమిడిపోయాయి. ఇంకో ముక్క. ఇంకోటి. భాగ్యమ్మ కట్టిన ముక్క దగ్గర ఆగి, రెండుసార్లు ఎత్తి వదిలారు.

“ఇది చూడండి, నీళ్లలా జారుతోంది. పేరున్నవాళ్లకి పంపినా బిగించేసి పంపేవారు. ఈ వదులు మీకెవరు నేర్పారండీ?”

“జపాన్ ఉస్తాద్ మేడమ్, వీడియో కాల్ల…” అని ఉబేద్ అందుకోబోయాడు.

నసీరుద్దీన్ చెయ్యెత్తి ఆపాడు. “ఊరుకో ఉబేద్. రేపు మేడమ్ ఇంకొకటి పంపి ఉస్తాద్‌ను అడగమంటే ఎవర్ని అడుగుత?” అని ఆవిడ వైపు తిరిగాడు. “నాకు రాదు మేడమ్. ఇనుము నాది. తాడు నాది కాదు. ముందుగాల మంచం లెక్క కట్టించిన. పొద్దున పెట్టెల పట్టలే.”

మొదట్నుంచీ చెప్పాడు. విమానం, శవం, ఏడుపు, మంచం, మిగిలిన ఉండ, చిల్మన్, పుల్ల. చెప్తున్నంతసేపూ ఆవిడ మొహంలో ఏ భావమూ లేదు. రాములమ్మ ఏడ్చిన ఏడుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఈలోగా ఆఖరి వరుస పూర్తయింది. ఛాతీ, భుజాలు, ఏడు ముక్కలు, పైన మీసాల మొహం. మూత వేశారు. మూత చప్పుడు లేకుండా కూర్చుంది. ఎవరూ దాని మీద ఎక్కాల్సిన పని రాలేదు.

ప్రేమలత గారు బ్యాగులోంచి ఒక తెల్ల కార్డు తీసి ఫహ్మీదాకు ఎదురుగా కూర్చున్నారు. “బాగు చేసినవాళ్ల పేర్లు రాసి లోపల పెట్టాలండీ. వందేళ్ల తర్వాత విప్పేవాళ్లకి తెలియాలి కదా. ఇనుము, నసీరుద్దీన్. తాడు, ఫహ్మీదా బృందం. మా ఇంట్లో ఇంకా పదకొండు పెట్టెలున్నాయి, అన్నిటికీ ఇవే పేర్లు రాస్తాను.”

నసీరుద్దీన్ గోడకు ఆనుకుని మెల్లగా కిందికి కూర్చున్నాడు.

“మేడమ్, నా పేరు?” చెన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

“మీరేం చేశారండీ?”

“గట్టిన. ఇప్పిన.”

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, “విప్పినవారు, చెన్నయ్య,” అని రాశారు.

అప్పుడే బజారునుంచి భాగ్యమ్మ వచ్చింది. చేతిలో మణికట్టంత మందాన చామంతి దండ. వచ్చీ రాగానే ప్రేమలత గారి భుజం మీద చెయ్యేసి, “బాధపడకు బిడ్డా. మంచిగ సాగదోలుతున్నం. కార్డు మీద పోయినాయన పేరు గూడ రాస్తివా?” అని, దండ తీసి పెట్టెకు వేసింది.

మిగతా ఎనిమిదిమందీ ఒక్కసారే నోరు తెరిచారు. శవం కాదన్నారు, కవచమన్నారు, మీ చెల్లె మొగుడి చెవులన్నారు. రాములమ్మ తల పట్టుకుంది. అక్కకు సోమవారం పోయారని ఫోన్ చేసింది గానీ, పోలేదని చేయడం మరిచిపోయింది. నసీరుద్దీన్ మళ్లీ లేచి మూత తీసి, మీసాల మాస్కు పైకెత్తి, కింద ఇనుప పట్టీలు తప్ప మనిషి లేడని చూపించాల్సి వచ్చింది.

భాగ్యమ్మ వంగి పెట్టె అడుగుదాకా చూసింది. ఆ తర్వాత తను కట్టిన ముక్కను వేలితో తాకింది.

“పాడుగాను! పోయినాయనకు తొడుగుతరేమో, ఒరుసుకుంటదేమో అని,” అంది, “పుల్లకు ఇంక రవ్వంత ఎక్కువనే వదులుగ గట్టిన గదనే!”