గేటుకి అడ్డంగా కేసు

నాగభూషణరావు కారు దిగి వాకిట్లోకి వస్తున్నా నరసింహారావు మంచం మీద నుంచి లేవలేదు. కాలవ దగ్గర నీళ్ళ వంతు తనదని అడిగినందుకు, పార కర్రతో తన ఎడమ చెయ్యి విరగ్గొట్టిన మనిషి అతను. ఆ చెయ్యి ఇప్పటికీ భుజం దాటి లేవదు. చాలదన్నట్టు, నరసింహారావే తనని కొట్టాడని ఎదురు కేసు కూడా పెట్టించాడు. రెండు కేసులూ గురజాల కోర్టులో ఏళ్ళ తరబడి నానుతున్నాయి.

"పాత గొడవలెందుకు బావా, రాజీ పడదాం."

"ఇన్నేళ్ళకి బావనయ్యానా? ఏంది సంగతి?"

నాగభూషణరావు మిరపకాయల వ్యాపారం మీద మాటిమాటికీ మలేషియా పోయొస్తుంటాడు. అలా తిరిగే నమ్మకస్తులకి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో వేరే గేటుంది. వేలూ ముఖమూ చూపిస్తే తెరుచుకుంటుంది, ఇమ్మిగ్రేషన్ క్యూలో నిలబడే పని లేదు. కొట్లాట కేసు ఉందని ఇతని దరఖాస్తు తిప్పికొట్టారు.

"నా పార్ట్‌నర్లంతా అట్నుంచే పోతారు. అవతల కాఫీ తాగుతా, క్యూలో ఉన్న నన్ను చూసి నవ్వుతారు బావా."

"చానాసేపు నిలబడాలా?"

"ఒక్కోసారి మోకాళ్ళు పట్టేస్తయ్."

"అయ్యో," అన్నాడు నరసింహారావు. పంచదార పలుకు నోట్లో వేసుకున్నట్టుంది ఆయనకి.

"లోక్ అదాలత్‌లో ఇద్దరం ఊఁ అంటే నీ కేసూ పోద్ది, నా కేసూ పోద్ది."

"సరే, వస్తాలే," అన్నాడు నరసింహారావు. కేసుల పీడ వదులుతుందని ఆయన భార్య గురవమ్మ ఆ పూట కారాలూ మిరియాలూ నూరకుండా, ఆ నాగభూషణరావుకే మజ్జిగ కలిపి ఇచ్చింది.

లోక్ అదాలత్ రోజున జడ్జిగారు రాజీ ఇష్టమేనా అని అడిగీ అడగకముందే నాగభూషణరావు "ఇష్టమేనండీ" అన్నాడు.

"నాకిష్టం లేదండీ," అన్నాడు నరసింహారావు.

వకీలు ఆయన చొక్కా పట్టుకుని లాగాడు. "ఏమయ్యా, నీ మీద కేసు కూడా నడుస్తుంది. శిక్ష పడినా పడొచ్చు!"

"పడనీండి సార్."

వరండాలో నాగభూషణరావు మీదమీదకొచ్చాడు. "ఒరేయ్, వస్తానన్నావుగా!"

"వచ్చాగా! రాజీ పడతానన్నానా?"

"ఏం ఒరుగుద్దిరా నీకు?"

"నువ్వు నిలబడతావు. అంతే."

ఇంతలో గుమాస్తా వాయిదా తేదీ చెప్పాడు. నాగభూషణరావు మొహం మాడిపోయింది.

"ఏం బావా, ఆ రోజు విమానం ఉందా?" అని ఆరా తీశాడు నరసింహారావు.

అతను ఫోన్ తీసి తేదీలు చూసుకున్నాడు.

"ఉంటే మానుకో. నేను మాత్రం పెందలాడే వస్తా."

రాజీ చూద్దామని వెంట వచ్చిన గురవమ్మ అక్కడ నిలబడలేదు. "నువ్వూ నీ కోర్టూ కాపరం చేసుకోండి," అని చెంగు దులుపుకుని కారంపూడి బస్సెక్కేసింది. నరసింహారావు ఎక్కేసరికి పక్క సీటులో సంచి పెట్టింది. దారి పొడుగునా నిలబడే వచ్చాడు. అయినా చిరునవ్వు ఆగలేదు ఆయనకి.