టోన్ కొట్టిన చెయ్యి

చచ్చినవాళ్ళు మళ్ళీ మాట్లాడరని ఎవరన్నారో గానీ, ఆ మహానుభావుడు హైటెక్ సిటీలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కరోజు కూడా పనిచేసి ఉండడు. అనూష ఏడాదిగా చేస్తోంది.

పనల్లా వినడమే. ఆ భవనంలోని మీటింగు గదుల్లో రికార్డయిన శబ్దాలు ముక్కలు ముక్కలుగా వస్తాయి. మాటల వెనక వినిపించేది యంత్రం మోతైతే టోన్, మనిషి రాగమైతే ట్యూన్ అని గుర్తు పెట్టాలి. ట్యూన్‌ని దాస్తారు, టోన్‌ని కొన్ని నెలలకు చెరిపేస్తారు. చెరిపేముందు కొన్నింటిని మాత్రం మళ్ళీ వినిపిస్తారు. మొదట ఎవరేం కొట్టారో అప్పుడు చెప్పరు. చేరిన కొత్తలో ఆ రెండు మాటలూ అనూషకు ఒక్కలాగే అనిపించేవి. టీమ్ లీడ్ రవీందర్‌ని అడిగితే, "గంత ఫికరెందుకు? డౌటొస్తే టోన్ కొట్టు, జల్ది పోనియ్" అన్నాడు. కొట్టింది. ఎన్ని కొట్టిందో ఆ దేవుడికే ఎరుక!

వాళ్ళమ్మ బాలమ్మ అదే అంతస్తులో హౌస్‌కీపింగ్ చేసేది. మొన్న చలికాలంలో మూడు రోజుల జ్వరం ఆమెను ఎత్తుకుపోయింది. గోపన్‌పల్లి ఇంట్లో ఫొటో ఉంది, గొంతే లేదు. ఏడేళ్ళ చెల్లెలు పింకీ అన్నం ముందు కూర్చుని, "అక్కా, అమ్మ గొంతు ఎట్లుండె? నాకు యాదికొస్తలేదు" అని ఏడుస్తుంది.

ఆ మధ్యాహ్నం వచ్చిన ముక్క పన్నెండు సెకన్లు. ఎవరో పెద్దసారు ఏదో వాగుతున్నాడు. వెనక బకెట్ చక్రాల కిర్రు. ఆ కిర్రు మీద సన్నగా ఒక కూనిరాగం. మూడుసార్లు పైకి లేచి, నాలుగోసారి ఊపిరందక ఆగి, మళ్ళీ మొదలైంది.

అనూష ఆ ముక్కను మళ్ళీ వింది. అమ్మ పింకీని నిద్రపుచ్చిన రాగం! అది రికార్డయిన మీటింగు గది ఆమె కుర్చీ వెనకే ఉంది. తిరిగి చూడాలంటే భయమేసింది. అయినా చూసింది. గది ఖాళీ. ఎవరో అప్పుడే తుడిచిన నేల ఇంకా తడిగా ఉంది.

ట్యూన్ కొట్టింది. పాత గుర్తుతో కలవలేదని తెర ఎర్రబడింది. కలవకపోతే తేల్చాల్సింది టీమ్ లీడే. రవీందర్ వచ్చాడు.

"మా అమ్మ గొంతన్నా ఇది. చెరపకు, నీ కాళ్ళు మొక్కుత."

అతను విన్నాడు. అతని కళ్ళూ చెమ్మగిల్లాయి. "ఉంచుత చెల్లె, ఏడువకు. నీ ఫోన్‌ల గూడ ఎక్కించుకో. అయినా గింత సాఫ్‌గ పాడుతుంటే టోన్ అని కొట్టినోనికి చెవులున్నయా?" అంటూ పాత గుర్తు తెరిచాడు.

అనూష పేరు వచ్చింది. పోయిన ఆగస్టు తేదీ. బాలమ్మ అప్పటికి బతికే ఉంది. రోజూ మధ్యాహ్నం కూతురి పక్కనే కూర్చుని సద్దన్నం తినేది.

రవీందర్ ఆ పాత గుర్తును మూసేశాడు. ట్యూన్ అని ఖాయం చేసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం పింకీ ఫోన్‌ని చెవికి అదుముకుని నవ్వింది. "అమ్మనే! అక్కా, నువ్వు ఎంటనే గుర్తుపట్టినవా?"

"ఆఁ, ఎంటనే" అంది అనూష.

ఫోన్‌లో బాలమ్మ ఊపిరి కోసం ఆగింది.