ఛార్జీ, సీటూ

గల్ఫు నుంచి బయలుదేరినప్పుడు అది ఒక్కటే మాట: ఛార్జిషీటు. మలికిపురం అవతల బుల్లిరాజు గారి కొబ్బరి రాశి దగ్గర దిగేసరికి రెండు ముక్కలైంది. మాట దారిలో విరగలేదు, విరిచింది ఆయన చెవి. ఒకపక్క కాయ ఒలుస్తున్న వాళ్ళ గోల, ఇంకోపక్క లారీ హారను, నడుమ ఫోనులో కూతురు.

"నాన్నా, నా మీద ఛార్జిషీటు ఉందంట! స్టేషన్‌కెళ్ళి కాయితం అడుగు. నేను బుధవారం వస్తున్నా!"

"ఛార్జీ, సీటూ ఉందంటా? ఆయ్, అడుగుతానమ్మా!"

ఫోను జేబులో పెట్టుకుని, రాశి చుట్టూ ఉన్నవాళ్ళందరికీ చాటింపు వేసేశాడు. "మా పద్మశ్రీ కంపెనీవోళ్ళు మనవాళ్ళకి ఛార్జీ పెట్టుకుని విమానంలో సీటిస్తున్నారండోయ్! గవర్నమెంటు ముద్దరున్న కాయితాలన్నీ తెచ్చుకోండి!"

బుధవారం పొద్దున్న పద్మశ్రీ ఆటో దిగేసరికి అరుగు మీద ఏడు సంచులు, సంచుల వెనక ఏడుగురు మనుషులు. అందరికంటే ముందు మేనత్త అచ్చమ్మ, కొత్త చెప్పులతో.

"అత్తా, ఎక్కడికి?"

"నువ్వెక్కడికి తీసుకెళ్తే అక్కడికేనే!"

పద్మశ్రీ విమానంలో మూడొందలమందికి ఒంటిచేత్తో కాఫీలందించిన మనిషి. ఆ మూడొందలమందీ కలిసి తెప్పించలేని చిరాకు ఈ ఏడుగురూ ఒక్క నవ్వుతో తెప్పించారు.

ఎందుకంటే ఆమె వచ్చింది తీసుకెళ్ళడానికి కాదు, తన్ను తాను తిరిగి పంపించుకోడానికి. కంపెనీ ఆమెను అమెరికా వెళ్ళే విమానాల్లోకి మార్చింది. ఆ వీసా ఫారంలో ఓ ప్రశ్న: మీ మీద ఏదైనా కేసు ఉందా? మామూలు ప్రయాణికుడైతే ఒక దేశం రావద్దంటే ఇంకో దేశం చూసుకుంటాడు. విమానంలో పనిచేసేవాళ్ళకి సరిహద్దు దాటడమే ఉద్యోగం. గుమ్మం దాటలేని మనిషిని ఏ కంపెనీ మేపుతుంది? కేసులేవీ లేవని పోలీసు కాయితం తెమ్మన్నారు. వచ్చిన కాయితంలో 'ఛార్జిషీటు దాఖలైంది, కేసు నడుస్తోంది' అని ఉంది. శనివారంలోగా తేల్చుకోకపోతే ఇంక రావక్కర్లేదన్నారు. ఉద్యోగం గాల్లో ఉంది. ఎప్పుడూ గాల్లో ఉండే ఉద్యోగమేగానీ, ఈ గాలి వేరు.

"స్టేషన్‌కెళ్ళేవా నాన్నా?"

"వెళ్ళకేం! మన కోనసీమలో రైలెక్కడిదీ, గోదారి దాటి పాలకొల్లు పోయేను. పద్మశ్రీ పేరు మీద కాయితమేదన్నా ఉందాండి అంటే, కౌంటర్లో ఆయన 'పద్మశ్రీలు ఢిల్లీలో ఇస్తారు, ఇక్కడ టిక్కెట్లే' అన్నాడు. వెటకారం!"

"పోలీసు స్టేషను నాన్నా! సీటు కాదు, షీటు!"

"సీటయినా షీటయినా నాకు కిటికీ పక్కదే," అంది అచ్చమ్మ.

చెప్పబోతే వినేవాళ్ళు లేరు. కాయితం పోలీసు స్టేషన్లో ఇస్తారన్న ఒక్క ముక్క మాత్రం ఏడుగురికీ శుభ్రంగా వినబడింది. ఊళ్ళో బాడుగలకి తిప్పే వీరబాబు ట్రక్కు ఆటోలో సంచులతో సహా ఎక్కేశారు. పద్మశ్రీకి డ్రైవరు పక్కన అర సీటు దక్కింది.

స్టేషన్లో రైటరు గంగబాబు కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. మర్యాదస్తుడు. మర్యాదగానే ప్రాణం తీస్తాడు.

"ఉందండి. ఆరేళ్ళ కిందటిది. బస్సుకి అడ్డంగా రోడ్డు మీద బైఠాయింపు. మీరు ఏడో ముద్దాయండి."

పద్మశ్రీకి గుర్తులేకేం. డిగ్రీ ఆఖరి సంవత్సరం. రోజూ ఫుట్‌బోర్డు మీద వేలాడి విసిగిపోయిన తొమ్మిదిమంది ఆడపిల్లలు ఒకరోజు రోడ్డు మీద కూర్చున్నారు. గంటసేపు. తర్వాత పోలీసు జీపులో తీసుకెళ్ళారు. ఆ జీపులో మాత్రం అందరికీ సీట్లు దొరికాయి.

"అది రాజీ అయిపోయిందండి. లోక్ అదాలత్‌లో బస్సు డ్రైవరు గారూ మేమూ సంతకాలు పెట్టేం."

"అయిపోయినట్టు కంప్యూటరుకి తెలీదు కదండీ."

"మూడేళ్ళ కింద ఉద్యోగంలో చేరినప్పుడు కాయితం బాగానే ఇచ్చేరు కదండీ!"

"అప్పటికి పాత కేసులు కంప్యూటర్లోకి ఎక్కలేదండి. పోయినేడు ఎక్కించేం. కేసు ఎక్కింది, రాజీ ఎక్కలేదు."

"దాన్నీ ఎక్కించండి మరి!"

"ఆయ్, ఎక్కిస్తానండి. అవార్డుందాండి?"

బుల్లిరాజు ముందుకొచ్చాడు. "పుట్టగానే పెట్టేశామండి. పేరే పద్మశ్రీ."

"అది కాదండి బాబూ! అదాలత్‌లో ఇచ్చే తీర్పుని అవార్డంటారు. ఆ కాపీ కావాలి."

పద్మశ్రీ దగ్గర లేదు. సంతకం పెట్టిన రోజు ఇంటికెళ్ళే బస్సు అందుకోవాలన్న కంగారులో తీసుకోలేదు.

"కోర్టులో దరఖాస్తు పెట్టండమ్మా. కేసు నంబరు వెయ్యాలి."

"మీ కంప్యూటర్లో ఉన్నదేగా నంబరు?"

"ఇది మా నంబరండి. వాళ్ళది వాళ్ళ నంబరు."

"వాళ్ళ నంబరు ఎక్కడుంటుంది?"

"అవార్డు కాపీ మీద ఉంటుందండి."

పద్మశ్రీ కళ్ళు మూసుకుని పది దాకా లెక్కపెట్టింది. శిక్షణలో నేర్పారు. ఆరు దగ్గరే తప్పింది. "కాపీ కావాలంటే నంబరు కావాలి, నంబరు కావాలంటే కాపీ కావాలి! ఇదేం చోద్యమండీ? పోనీ పేరు పెట్టి వెతికిస్తే ఎన్నాళ్ళు?"

"పది రోజులండి."

"నాకు శనివారంలోగా కావాలి!"

"శనివారం రెండోదండి. సెలవు."

ఆమెకు ఏడుపొచ్చింది. కుర్చీ మీద కూలబడి, "ఆ రోజు నిలబడే వెళ్ళి ఉంటే పోయేది," అంది. "సీటు అడిగినందుకు బతుకే నిలబడిపోయింది."

కూతురి గొంతు అలా వణకడం బుల్లిరాజుకి కొత్త. చెవి ఎంత మొద్దయినా అది మాత్రం సరిగ్గానే వినబడింది. నోరు మూసుకున్నాడు. అదే అదనని అచ్చమ్మ తెరిచింది.

"ఏవండీ రైటరు గారూ, ముద్దరున్న కాయితమేదైనా పనికొస్తుందాండి? మా తమ్ముడు అన్నీ తెమ్మన్నాడని బీరువా మొత్తం దులుపుకొచ్చేను."

సంచీ బల్ల మీద బోర్లించింది. రేషను కార్డు, గేదె టీకా చీటీ, కరెంటు బిల్లులు, పోయిన మొగుడి ఓటరు కార్డు. అడుగున పప్పుచెక్కల డబ్బాకి కట్టిన గుడ్డలో నాలుగు మడతల కాయితం. గంగబాబు విప్పి, కళ్ళజోడు సర్దుకున్నాడు.

"అనిత ఎవరండి?"

"మా అమ్మాయండి. పెళ్ళివారి కంట పడుతుందని దాచేసేను. తప్పాండి?"

"మూడో ముద్దాయండి. ఇదిగో వరసగా తొమ్మిదిమందీ ఉన్నారు. ఏడు, పద్మశ్రీ. 'రాజీ అయినందున కేసు మూసివేయడమైనది.'" ఆయన మొహం మొదటిసారి వెలిగింది. "అమ్మా, పద్మశ్రీకి అవార్డొచ్చిందండోయ్!"

అనిత కూడా అదే బస్సుకి వేలాడిందనీ, కాపీ తన దగ్గరుండొచ్చనీ పద్మశ్రీకి ఇంతసేపూ తట్టనేలేదు. అత్తని వాటేసుకుంది. గంగబాబు టకటకా కొట్టి, యస్సై గారి సంతకం పెట్టించి, కొత్త కాయితం చేతిలో పెట్టాడు. ఆమె అక్కడికక్కడే ఫోనుతో ఫొటో తీసి కంపెనీకి పంపింది. పావుగంటకి జవాబొచ్చింది: అందింది, సోమవారం డ్యూటీకి రండి.

"అయితే ఇంక సీట్లిచ్చేస్తారా?" అంది అచ్చమ్మ, సంచీ సర్దుకుంటూ.

పద్మశ్రీ లేచి వరండాలోకి వెళ్ళి, చేతులు కట్టుకుని, విమానంలో వాడే గొంతు తీసింది.

"ప్రయాణికులందరికీ మనవి. నేను ఫోనులో చెప్పింది ఛార్జిషీటు. ఒకటే మాట. పోలీసులు కోర్టులో వేసేది. మా నాన్నగారికి లారీ హారన్లో అది ఛార్జీ అనీ, సీటు అనీ వినబడింది. కంపెనీ ఎవరికీ ఛార్జీ ఇవ్వట్లేదు, ఎవరికీ సీటూ లేదు. ఆ రోజు రోడ్డు మీద మేం తొమ్మిదిమందీ అరిచింది కూడా 'ఛార్జీ తీసుకున్నారు, సీటివ్వండి' అనే. ఆ రెండూ కలిపి మాకు ఛార్జిషీటిచ్చేరు. మా నాన్నగారు దాన్ని మళ్ళీ విడదీసి మీకిచ్చేరు."

ఏడుగురూ బుల్లిరాజు వైపు తిరిగారు. ఆయన తలెత్తి, స్టేషను ముందున్న కొబ్బరిచెట్టు మీద ఏదో వెతుక్కుంటున్నాడు.

"హారన్ కొట్టింది నేనేనండి," అన్నాడు వీరబాబు, అడక్కుండానే. "ఆటో రిపేరుకిచ్చి ఆ రోజు లారీ తోలేను. ఇప్పుడదే ఆటోకి పెట్రోలైపోయింది."

అచ్చమ్మ కొత్త చెప్పులు విప్పి సంచీలో పెట్టుకుంది. "పోన్లే. బస్సుకే పోదాం. ఏమే పద్మా, ఆ బస్సులో ఇప్పుడైనా సీట్లుంటున్నాయా?"