డెబ్భై అడుగుల దారి

ల్యాబ్‌లో ఆవిణ్ణి అందరూ రేడియో అంటారు. మొహం మీదే అంటారు, ఆవిడా పలుకుతుంది. పలక్కుండా ఉండడం ఆవిడకి చేతకాదు.

మూడేళ్లుగా రేడియోది ఒకటే పని. ప్లాస్టిక్ తయారీకి కావలసిన ఇథిలీన్ వాయువుతో పాటు ఈథేన్ అనే వాయువూ కలిసి వస్తుంది. రెండూ కవలల్లాంటివి, కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. వాటిని విడదీయడానికి ఫ్యాక్టరీలవాళ్లు ఊరికి సరిపడా కరెంటు ఖర్చుపెట్టి, ఎత్తైన స్తంభాల్లో ఎముకలు కొరికే చలి పుట్టిస్తారు. రేడియో తయారుచేసిన పొడి కూర్చున్న చోటునుంచి కదలకుండా ఆ పని చేస్తుంది. దాని రేణువు రేణువులోనూ కంటికానని గదులు. ఈథేన్ వచ్చి ఆ గదుల్లో కాపురం పెడుతుంది, ఇథిలీన్ తన దారిన తాను పోతుంది.

చేస్తుందంటే, బుద్ధి పుట్టినప్పుడు చేస్తుంది. పొడి నింపిన గొట్టంలోకి కిందనుంచి మిశ్రమం పంపితే ఒక్కోరోజు ఇరవై నిమిషాల పాటు పైనుంచి స్వచ్ఛమైన ఇథిలీన్ వస్తుంది. ఇంకోరోజు ఆరు నిమిషాలకే ఈథేన్ తల బయటపెడుతుంది.

"శుక్రవారం దాకా చూస్తాను," అన్నాడు ప్రొఫెసరు బుధవారం నాడు. "అప్పటికీ ఇంతే అయితే దీన్ని వదిలెయ్. ఇష్టమైతేనే పనిచేసే పొడిని ఎవరు నమ్ముతారమ్మా?"

ఆ సాయంత్రం బయట ముసురు. వంటింట్లో అత్తగారు రోజూ అడిగే ప్రశ్నే అడిగింది.

"పొడిగారు ఇవాళైనా పనిలోకి దిగారా?"

"లేదత్తయ్యా, అలక."

ఇంతలో అక్క ఫోను. అక్కాచెల్లెళ్ల కబుర్లు తెమిలేసరికి అత్తగారు ఉప్పు డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.

"వారం నుంచి చూస్తున్నా. మూత తీస్తావు, ఫోనెత్తుతావు. చూడు, ఎలా చెమ్మగిల్లి ముద్దకట్టిందో! నీ కబుర్లు వినే ఓపిక మాకుంది గానీ ఉప్పుకి లేదు తల్లీ."

రేడియో ఫోను మళ్లీ మోగింది, ఆవిడ ఎత్తలేదు. అత్తగారు కంగారుపడింది. కోడలు పరుగున వెళ్లి ల్యాబ్ పుస్తకం తెచ్చి పేజీలు తిప్పింది. ఇరవై నిమిషాలు వచ్చిన రోజులు మూడు. మూడూ ఆదివారాలే.

గొట్టంలోకి వాయువులు పంపే మిషన్‌కున్న హీటరు చెడిపోయి ఏడాదైంది. అందుకని పొడిని వేరే గదిలో వేడిచేసి, తడంతా పోగొట్టి, గొట్టంలో నింపి వరండా వెంట మోసుకెళ్లాలి. డెబ్భై అడుగుల దారి. గొట్టం మూతలు పోతాయన్న భయంతో వాటిని మిషన్ పక్కనే తగిలించింది ఈవిడే, కాబట్టి దారంతా గొట్టం నోరు తెరిచే ఉంటుంది. వరండాలో ఎవరూ ఉండని ఆదివారం ఆ దారి ఒక్క నిమిషం. మిగతా రోజుల్లో స్టోరాయన మోకాళ్లనొప్పి, సిలిండర్లాయన కూతురి పరీక్షలు, అన్నీ కనుక్కుంటూ వెళితే పావుగంట. ఈలోగా గాలిలో తేమ తాపీగా గదులన్నీ ఆక్రమించేస్తుంది. పాపం ఈథేన్ వచ్చేసరికి ఇల్లు ఖాళీ ఉండదు.

"అత్తయ్యా, ఆదివారాలు నేనెవరితోనూ మాట్లాడను!"

"ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ తెలియలేదే?" అంది అత్తగారు.

గురువారం వేడిగదిలోనే మూతలు బిగించింది. దాంతోపాటు పెదవులూ బిగించింది. సిలిండర్లాయన వెనకనుంచి కేకేశాడు.

"రేడియోగారూ, బ్యాటరీ అయిపోయిందా?"

చెయ్యి మాత్రం ఊపింది. ఆ డెబ్భై అడుగులూ ఆవిడకి డెబ్భై మైళ్లయ్యాయి.

ఇరవై ఒక్క నిమిషాలు.

ప్రొఫెసరు అంకె చూశాడు, కథంతా విన్నాడు, గడ్డం గోక్కున్నాడు. "బాగానే ఉంది. కానీ పనిచేసింది మూతా, తొందరగా రావడమా? రేపు మూత పెట్టి, ఎప్పట్లాగే మాట్లాడుకుంటూ రా. అప్పుడు చూద్దాం."

శుక్రవారం రేడియో జీవితంలో మొదటిసారి డ్యూటీ మీద కబుర్లు చెప్పింది. మూతలు బిగించిన గొట్టాన్ని చంకలో పెట్టుకుని స్టోరాయన రెండు మోకాళ్లూ విడివిడిగా పరామర్శించింది. సిలిండర్లాయన కూతురి మార్కులు సబ్జెక్టువారీగా రాబట్టింది. పావుగంట అనుకున్నది అరగంటైంది. మిషన్ దగ్గరకొచ్చాకే మూతలు తీసి గొట్టం తగిలించింది.

ఆరో నిమిషం వచ్చింది. ఆరూ దాటింది. పది. పదిహేను. ఇరవై ఒకటో నిమిషంలో గానీ ఈథేన్ తల ఎత్తలేదు.

"దీనికి పదింతల గొట్టం చేయించమ్మా," అన్నాడు ప్రొఫెసరు. "స్టోరుకి వెళ్లి కొలతలిచ్చి రా. ఐదు నిమిషాల పని."

రేడియో నలభై నిమిషాల తర్వాత తిరిగొచ్చింది.