మూడో చెయ్యి

బుడ్డది కాగితాల కట్టను రెండు చేతులా ఎత్తి బల్ల మీద తట్టింది. ఒకసారి పొడవు వైపు, ఒకసారి అడ్డం వైపు. అంచులన్నీ ఒక్క వరసకి వచ్చాయో లేదో బొటనవేలితో తడిమి చూసుకుని, కట్టను యంత్రంలోకి తోసింది. కాలితో తొక్కగానే పైనుంచి ఇనుప పట్టీ దిగి కట్టను అదిమి పట్టింది. బల్ల అంచు కింద చెరో పక్కా ఉన్న రెండు బటన్లనూ ఒకేసారి నొక్కింది. కత్తి దిగి లేచింది. పొద్దుటి నుంచి అది నూట ముప్ఫయ్యో కోత.

పేరుకే బుడ్డది. పందొమ్మిదేళ్ళు నిండాయి, అక్కకంటే జానెడు పొడుగు. అమ్మ పోయిన ఏడాది, ఏడేళ్ళ పిల్లను ఇంట్లో ఒంటరిగా వదల్లేక అక్క ఈ బైండింగు షాపుకి వెంటబెట్టుకొచ్చి అట్టల దొంతర మీద కూర్చోబెట్టింది. అప్పుడు షాపువాళ్ళు పెట్టిన పేరు అతుక్కుపోయింది. అప్పటికి అక్కకీ పందొమ్మిదే. ఆ వయసుకి తను ఏం మోసింది, అక్క ఏం మోసింది అన్న లెక్కలోకి బుడ్డది ఈమధ్య తరచూ జారిపోతోంది. 

ఎదురుగా కట్టలు కట్టే బల్ల దగ్గర అక్క నిలబడి ఉంది. ఎడమచేతికి చిటికెన వేలూ, దాని పక్క వేలూ లేవు. పురికొస ఒక కొసను పళ్ళతో పట్టుకుని, కుడిచేత్తో ముడి బిగిస్తోంది. తల ఎత్తడం లేదు. ఇవాళ సాయంత్రం అయిదుతో అక్క కొలువు సరి. రేపటి నుంచి యంత్రం పూర్తిగా బుడ్డదానిది.

ఆ షాపులో అందరూ ఎరిగిన దొంగపని ఒకటుంది. రెండు చేతులూ బటన్ల మీదుంటేనే కత్తి దిగుతుంది కదా, అది వేళ్ళు కాపాడడానికి. కానీ పని తొందరైతే, అట్టముక్కను మడిచి ఎడమ బటన్ సందులో దూరుస్తారు. ఆ బటన్ నొక్కినట్టే ఉండిపోతుంది, ఒక చెయ్యి ఖాళీ అవుతుంది. దాన్నే మూడో చెయ్యి అంటారు. పెట్టినవాళ్ళు యంత్రం దగ్గర్నుంచి కదిలేముందు తీసెయ్యాలి, అదొక్కటే కట్టుబాటు. షాపు యజమాని మాత్రం, ఎవరు పెట్టినా ఆ రోజే బయటికి అని గోడ మీద రాయించాడు. అక్క పన్నెండేళ్ళలో ఒక్కసారీ పెట్టలేదు.

మూడు నెలల కిందట పెట్టింది బుడ్డది. అక్క తినడానికి వెళ్ళిన అరగంటలో గుట్ట మొత్తం కోసేసి శెభాష్ అనిపించుకుందామని. ఇంతలో కాగితం లారీ వచ్చిందని ఎవరో కేకేస్తే పరిగెత్తింది. అట్టముక్క మాట మర్చిపోయింది. అక్క వచ్చింది, కట్ట పెట్టింది, పట్టీ దింపింది. పక్కకి జారిన కాగితం ఒకటి కనిపిస్తే ఎడమచేత్తో సర్దబోయింది. కుడిచెయ్యి అలవాటు కొద్దీ బటన్ నొక్కింది. ఒక్క బటన్‌తో కత్తి దిగదన్న ధైర్యం. ఆ ధైర్యమే కొంప ముంచింది.

రక్తం కారుతున్న చేతిని చీరకొంగులో చుట్టుకుంటూ, మేస్త్రీతో అక్క అన్న మొదటి మాట, "నేనే పెట్టుకున్నానండీ." ఆసుపత్రి మంచం మీద బుడ్డదానితో అన్న మొదటి మాట, "నోరు విప్పావంటే నా మీద ఒట్టు."

చెయ్యి మానేదాకా కట్టలు కట్టుకోనిచ్చారు. ఆ గడువు ఇవాళ్టితో తీరింది. చెప్తే ఇవాళే చెప్పాలి. సాయంత్రం అయిదు దాటాక చెప్పినా, గోడకి చెప్పుకున్నా ఒకటే. పొద్దుటి నుంచి ప్రతి కోతకీ, ఈ కట్ట అవగానే చెప్పేస్తాను అనుకుంటోంది. కట్ట అవుతోంది, ఇంకో కట్ట ఎత్తుతోంది.

పదకొండున్నరకి మేస్త్రీ వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, గడియారం చూస్తే మాత్రం పూనకం వస్తుంది.

"అమ్మాయ్, లారీ సాయంత్రం కాదట, రెండింటికే వస్తోందట. ఈ నడకన అయితే తెమలదు."

"తిండికి లేవకుండా కోస్తానండీ."

"కోసినా అవదు." అటూ ఇటూ చూసి, జేబులోంచి మడిచిన అట్టముక్క తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవాళ్టి మట్టుకు."

బుడ్డది దాన్ని చూసింది. ముట్టుకోలేదు. కట్టలు కట్టే బల్ల దగ్గర అక్క నోట్లోని పురికొస అలాగే ఉంది, ముడి మాత్రం ఆగిపోయింది.

"దీనికేగా మేస్త్రీ గారూ అక్కని పంపించేస్తోంది."

"అది వేరు, ఇది వేరు. ఆవిడ చెప్పకుండా పెట్టింది. నేను దగ్గరుండి పెట్టమంటున్నాను."

"అక్క పెట్టలేదండీ." గొంతు తనది కానట్టు గట్టిగా వచ్చింది. "ఆ రోజు పెట్టింది నేను. తియ్యడం మర్చిపోయింది నేను."

పక్కన పుస్తకాలు కుట్టే, షాపంతా అత్త అని పిలిచే ఆవిడ యంత్రం ఆపింది.  ఇక తిడతాడు, కొడితే కొడతాడు, తన్ని తగలేస్తాడు అని బుడ్డది ఎదురు చూసింది. మూడు నెలలుగా ఆ తిట్ల కోసమే మొహం వాచి ఉంది.

మేస్త్రీ గొంతు తగ్గించాడు. "నాకు ఆ రోజే తెలుసు."

"ఏంటండీ?"

"పన్నెండేళ్ళు పెట్టని మనిషి ఆ రోజే పెట్టిందంటే నమ్మడానికి నేను పాలు తాగే పిల్లాణ్ణా? మీ అక్క నేనే అంది, సరే అన్నాను. ఎనిమిది వేళ్ళ మనిషి పోతుంది, పది వేళ్ళ మనిషి మిగులుతుంది. నిజం తవ్వితే ఇద్దరూ పోతారు. అప్పుడు యంత్రం ఎవరు తిప్పాలి, నేనా?" అట్టముక్కను మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "నువ్వన్నది నేను వినలేదు. కానియ్, పని చూడు."

వెళ్ళిపోయాడు. బుడ్డది అక్కడే నిలబడిపోయింది. నేరం ఒప్పుకుంటే తీసుకునేవాడు కూడా లేడని పందొమ్మిదేళ్ళకి తెలిసింది.

అక్క బల్ల దాటి వచ్చింది. ఇంత దగ్గరగా వచ్చి కళ్ళలోకి చూసి ఎన్నాళ్ళయిందో. 

"ఒట్టు పెట్టాను కదే."

"నా వల్ల కాలేదక్కా. నువ్వలా వెళ్ళిపోతుంటే నేను ఆ యంత్రం దగ్గర ఎలా నిలబడను?"

"నిలబడతావు. అందుకేగా ఇదంతా." అక్క గొంతు లేవలేదు. "రాత్రిళ్ళు లేని వేళ్ళు పీకుతాయే. ఉన్నట్టే పీకుతాయి. అప్పుడేమనుకునేదాన్నో తెలుసా? పోతే పోయాయి, బుడ్డదాని జోలికి ఎవరూ రాలేదు, అనుకునేదాన్ని. ఆ మాటతోనే నిద్ర పట్టేది. ఇవాళ నీ బరువు దించుకోవడానికి నలుగురిలో చెప్పేసి, ఆ ఊరట లాగేశావు. ఇంక దేన్ని చూసుకుని పడుకోను?"

 అక్కకి మేలు చేస్తున్నాననుకుంది బుడ్డది. ఇందులో తనకి కావలసిందే ఎక్కువ ఉందని ఇప్పుడు తెలిసొచ్చింది. 

"రెండు చేతులూ బటన్ల మీదుంచు. ఎవడు పెట్టమన్నా సరే," అని అక్క తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

తిండి గంట కొట్టారు. అందరూ వెనక గదిలోకి వెళ్ళారు. బుడ్డది కదలలేదు. కట్ట ఎత్తింది, తట్టింది, తోసింది, తొక్కింది, రెండు చేతులా నొక్కింది. మూడో చెయ్యి లేకుండానే, లారీవాడు పదిసార్లు హారన్ కొట్టాక, మూడింటికి ఆఖరి కోత అయింది. మేస్త్రీ దగ్గరుండి కట్టలు లారీకి ఎక్కించాడు. లారీ కదిలాక తల ఎత్తి చూస్తే కట్టలు కట్టే బల్ల దగ్గర ఎవరూ లేరు. పురికొస ఉండ నీటుగా చుట్టి ఉంది.

"మీ అక్క వెళ్ళిపోయిందే," అంది కుట్టే అత్త, సూది మీంచి కళ్ళు తియ్యకుండా. "మూడున్నర బండికి మీ మేనత్త గారి ఊరు వెళ్తానంది. నిన్ను పిలవనా అంటే, కత్తి దగ్గరున్నదాన్ని పిలవకూడదంది."

"ఎప్పుడొస్తానంది?"

"అడిగాను. పురికొస చుట్టి పెట్టి వెళ్ళిపోయింది."

బుడ్డది గోడ గడియారం చూసింది. నాలుగవుతోంది. కాళ్ళకి పరిగెత్తాలని ఉంది, ఎటు పరిగెత్తాలో తెలియలేదు. వెనక గదిలోకి నడిచింది.

గూట్లో రెండు స్టీలు డబ్బాలు పక్కపక్కన ఉన్నాయి. అక్క డబ్బా మూత మహా బిగుతు. చేతికి అలా అయిన దగ్గర్నుంచి అక్క దాన్ని మాట్లాడకుండా ఇటు తోసేది, బుడ్డది మూత తీసి మాట్లాడకుండా అటు తోసేది. ఇవాళ మధ్యాహ్నం తను యంత్రం దగ్గరే ఉండిపోయింది. ఆ గదిలో పది వేళ్ళున్న వాళ్ళు తొమ్మిదిమంది కూర్చుని తిన్నారు. అక్క ఎవర్నీ అడిగి ఉండదు.

డబ్బా ఎత్తి చూసింది. బరువుగా ఉంది. పొద్దున అక్క అరచేత్తో చరిచి బిగించిన మూత బిగించినట్టే ఉంది.